మోతీబాయి దించిన మోటర్

మరిపెడలో సెల్లార్లు లేకపోలేదు. మెయిన్ రోడ్డు మీద దుకాణాల కింద నాలుగైదు ఉన్నాయి. కానీ ఉండే ఇంటి కింద సెల్లార్ తవ్వించుకున్నవాడు మాత్రం ఫిజిక్స్ లెక్చరర్ లక్ష్మణ్ ఒక్కడే. పునాదులు తీసే రోజుల్లో ఎదురింటి ప్రతాప్ వచ్చి, గుంత అంచున నిలబడి, లోపలికి తొంగి చూసి ఒకే మాట అడిగాడు.

"సారూ, ఇల్లు కడుతున్నవా, బావి తవ్వుతున్నవా?"

ప్రతాప్‌కు అరవై దాటాయి. ఊరవతల పది ఎకరాల పొలం, ఇంటి వెనక దొడ్డి, దొడ్లో పాత బావి. వానాకాలంలో ఆ బావిలో నీళ్లు చెంబుతో ముంచుకునేంత పైకి వస్తాయి. ఆ సంగతే చెప్పబోయాడు. లక్ష్మణ్ చెప్పనివ్వలేదు. జేబులోంచి కాగితం తీసి బొమ్మ గీశాడు. సెల్లార్ మూలకు రెండున్నర అడుగుల గుంత. గుంతలో చిన్న మోటర్. మోటర్‌కు వైరుతో వేలాడే బంతి. నీళ్లు ఊరితే బంతి తేలుతుంది, బంతి తేలితే మోటర్ నడుస్తుంది, నీళ్లన్నీ రోడ్డు పక్క మోరీ కాలువలో పడతాయి, బంతి దిగుతుంది, మోటర్ ఆగుతుంది.

"మనిషి చెయ్యి పెట్టే పనే లేదన్నా" అన్నాడు లక్ష్మణ్.

మూడు వానాకాలాలు ఆ మాట నిలబడింది. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ తాగించి, కిందికి తీసుకెళ్లి, ఆ గుంత చూపించేవాడు. చూసినవాళ్లు తల ఊపేవాళ్లు. కొందరికి అర్థమయ్యేది కూడా.

నాలుగో వానాకాలం ఆగస్టులో శుక్రవారం పట్టిన ముసురు ఆదివారం దాకా విడవలేదు. శనివారం సాయంత్రమే లక్ష్మణ్ తల్లి మోతీబాయి గూడూరు దగ్గర తండా నుంచి బస్సులో దిగింది, సంచి నిండా మక్క కంకులతో. సోమవారం దవాఖానలో కళ్లు చూపించుకోవాలి. లక్ష్మణ్ భార్య కవిత అక్కడే నర్సు. ఆదివారం పొద్దున మోతీబాయి పొయ్యి మీద కంకులు ఉడకబెడుతోంది, లక్ష్మణ్ పేపర్ చదువుతున్నాడు, కవిత మధ్యాహ్నం డ్యూటీ కదా, ముందే స్కూటీ తుడుచుకుందామని గుడ్డ పట్టుకుని కిందికి పోయింది. పోయినంత నిమ్మళంగానే పైకి వచ్చింది. మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"నీ గ్రహాలు ఈత కొడుతున్నయి" అంది మొగునితో.

ఆ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలోనే. మనం తెలుగులో చెప్పుకుంటున్నాం.

లక్ష్మణ్ పేపర్ పడేసి పరుగెత్తాడు. కవిత చెప్పింది అక్షరాలా నిజం. కాలేజీ పిల్లలు సైన్స్ ఫెయిర్ కోసం థర్మాకోల్‌తో చేసిన సూర్యకుటుంబం సెల్లార్‌లో దాచి పెట్టాడు. ఇప్పుడది మొత్తం నీళ్ల మీద ఉంది. గురుగ్రహం స్కూటీ చక్రానికి తగిలి ఆగింది. శని తన చుట్టూ ఉండే ఉంగరాన్ని ఎక్కడో వదిలేసి, మెట్ల దగ్గర తిరుగుతోంది. ఆ మూల గుంతలోంచి గుయ్‌మని ఒకటే మోత.

"మోటర్ నడుస్తనే ఉంది" అన్నాడు లక్ష్మణ్, కొంచెం ఊపిరి పీల్చుకుని. "మోత వస్తున్నది కదా. ఓల్టేజీ తక్కువున్నట్టుంది. లేకుంటే కెపాసిటర్. లేకుంటే పైపుల గాలి చిక్కింది. చూద్దాం, ఒక్కొక్కటి తీసేసుకుంట వస్తే…"

ఒక్కొక్కటి తీసేసుకుంటూ నీళ్లలోకి ఒక కాలు పెట్టబోయాడు.

"మెయిన్ తీసినవా?"

వెనక మోతీబాయి నిలబడి ఉంది, చేతిలో గరిటెతో. లక్ష్మణ్ కాలు గాలిలోనే ఆగిపోయింది. కరెంటు మీద పద్దెనిమిదేళ్లుగా పాఠం చెబుతున్న మనిషి మెయిన్ తీయలేదు.

"కవితా, పైన మెయిన్ బంద్ చెయ్" అని కేకేసింది మోతీబాయి. మోత ఆగింది. సెల్లార్‌లో చీకటి పడింది. ఆమె గరిటె కొడుకు చేతికిచ్చి, అద్దాలు కుట్టిన పేటియా లంగా అంచు పైకి తీసి నడుముకు దోపుకుని, అద్దాలు తళుక్కుమంటుండగా నీళ్లలోకి దిగిపోయింది.

"యాడీ, నువ్వెందుకు, నేను చూస్త" అన్నాడు లక్ష్మణ్ తల్లితో.

"చూడు. ఫోన్ లైటు పట్టుకుని చూడు."

మూలకు పోయి, వంగి, భుజం దాకా చెయ్యి ముంచింది. అలాగే కాసేపు ఉండి అంది, "అది నడుస్తలేదు బిడ్డా, మూలుగుతున్నది. నడిచేదాని సప్పుడు వేరు, మూలిగేదాని సప్పుడు వేరు. నోట్ల ఏదో ఇరుక్కున్నది. పైకి తీద్దాం పట్టు."

అక్కడే చిక్కొచ్చింది. మోటర్ మెడకు పైపును లక్ష్మణ్ దగ్గరుండి జిగురు పెట్టి అతికించాడు, చుక్క నీరు కారకుండా. మధ్యలో విప్పడానికి ఏ బిగింపూ లేదు. మోతీబాయి పైపును పైనుంచి కింది దాకా తడిమి చూసింది.

"దీన్ని ఎట్ల బయటికి తీద్దామనుకున్నవ్?"

"తీసే పని రాదనుకున్న."

 ఆమె పైపు కోసే హెక్సా బ్లేడు తెమ్మంది. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది లక్ష్మణ్‌కు.

సరిగ్గా అప్పుడే ప్రతాప్ వచ్చాడు. ఆదివారం ఇస్త్రీ బట్టలు, తెల్ల ప్యాంటు, తెల్ల అంగీ, నెత్తి మీద గొడుగు. వెనక ఆయన భార్య ఊర్మిళ. మెట్ల మీద ఆగి కిందికి చూశాడు. నీళ్లు చూశాడు. శనిగ్రహాన్ని చూశాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు.

"నీళ్లు ఊరితే బంతి తేలుతది" అన్నాడు నెమ్మదిగా, పాఠం ఒప్పజెప్పినట్టు. "బంతి తేలితే మోటర్ నడుస్తది. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు. అంతేనా సారూ?"

"బంతి తేలిందన్నా" అన్నాడు లక్ష్మణ్, పైపు కోస్తూ. "మోటరే నడవలే."

"ముచ్చట్లు తర్వాత పెట్టుకోండి" అని ఊర్మిళ చెప్పులు విడిచి నీళ్లలోకి దిగింది. కవితా ఆమే కలిసి స్కూటీని ర్యాంపు మీదికి నెట్టారు. సగం దూరం పోయాక అది వెనక్కి జారింది, ఇద్దరూ దానితోపాటు జారారు, గురుగ్రహం మీద కూలబడ్డారు. పెద్ద గ్రహం కాబట్టి ఇద్దరినీ ఒక క్షణం మోసింది. ఆ తర్వాత పట్‌మని రెండు ముక్కలైంది. ఊర్మిళ లేవబోయి, మళ్లీ కూర్చుని, నవ్వు ఆపుకోలేక కవిత భుజం మీద తల పెట్టుకుంది. స్కూటీ బయటికి చేరేసరికి ఇంకో పది నిమిషాలు పట్టింది.

పైపు తెగింది. మోటర్ పైకి వచ్చింది. మోతీబాయి దాన్ని మెట్టు మీద బోర్లించి, కింద జల్లెడ మూత విప్పి, వేలు పెట్టి లాగితే యూరియా సంచి దారం వచ్చింది. మూరెడు, రెండు మూరలు, ఇంకా వస్తూనే ఉంది. ఇల్లు కట్టినప్పుడు ఇసుక మోసిన సంచులవి. వాటిని ఆ మూలకే పడేసింది ఎవరో లక్ష్మణ్‌కు బాగా తెలుసు. ఆ దారమంతా లోపలి చక్రానికి కండె చుట్టినట్టు చుట్టుకుంది. కత్తితో కోసి అంతా తీసేశాక మోతీబాయి చక్రం తిప్పింది. తిరిగింది గానీ, ఆమె ముఖం తేటపడలేదు. మోటర్‌ను కొడుకు ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు."

మాడిన వాసన. రాత్రంతా మూలిగి మూలిగి లోపలి తీగ కాలిపోయింది.

"సచ్చింది" అంది మోతీబాయి. "కొత్తది తేవాలె."

"కొత్తది తెచ్చేలోపు నీళ్లు మెట్లెక్కుతయి" అంది కవిత. గోడ మీద తడి గీత ఆమె చూస్తుండగానే రెండు వేళ్లు పైకి జరిగింది.

 అప్పుడు ప్రతాప్ గొడుగు మూసి గోడకు ఆనించాడు.

"నా దొడ్లె ఒకటున్నది. ఒకటిన్నర హెచ్‌పీ. బోరు ఏయించినంక బావిలకెల్లి తీసి పక్కకు పెట్టిన. నాలుగేండ్లయింది. నడుస్తదో నడవదో నాకు తెల్వదు."

"సూస్తే తెలుస్తది" అంది మోతీబాయి తెలుగులో, అప్పటికే మెట్లెక్కుతూ.

కవితను ఇంటి దగ్గర ఉంచి, వానలో మిగతా నలుగురూ రోడ్డు దాటి ప్రతాప్ దొడ్లోకి పోయారు. రేకుల కింద, పాత నాగలి పక్కన, తుప్పుతో ఎర్రబడి పడి ఉంది మోటర్. మోతీబాయి దాని ముందు గొంతుక్కూర్చుని, నోట్లో చెయ్యి పెట్టి చక్రాన్ని కదిలించింది. మొదట రాలేదు. ఊర్మిళ కొబ్బరినూనె తెచ్చి పోసింది. కాసేపు ఆగి మళ్లీ కదిలిస్తే కిర్రుమని సగం చుట్టు, తర్వాత ఒక చుట్టు, తర్వాత అదే జారిపోయేటట్టు తిరిగింది. వైరు చివరలు రెండూ చూసి, పాడైన మేర కోసేసి, "పట్టుండ్రి" అంది.

ఆ మోటర్ ఎంత బరువో ఎత్తితే గానీ తెలియలేదు. వెదురు కట్టెకు తాడుతో వేలాడదీసి, ముందు లక్ష్మణ్, వెనక ప్రతాప్ భుజాన పెట్టుకున్నారు. లక్ష్మణ్ పొట్టి, ప్రతాప్ పొడుగు. మోటర్ జారుతూ జారుతూ లక్ష్మణ్ వీపును గుద్దేది. గుద్దినప్పుడల్లా అతను రెండడుగులు ఉరికేవాడు, ప్రతాప్ కూడా ఉరకాల్సి వచ్చేది. అట్లా ఆగుతూ ఉరుకుతూ రోడ్డు దాటుతుంటే, చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు ఒక్కొక్కరే అరుగుల మీదికి వచ్చారు. ప్రతాప్ తెల్ల అంగీకి తుప్పు, మట్టి అంటి, అది ఏ రంగో చెప్పడానికి లేకుండా అయ్యింది.

"ఏమైందన్నా?" అని ఎవరో అడిగితే, "మా సారు బావిల మోటర్ దించుతున్నం" అని జవాబిచ్చాడు. ఆ మాటకు లక్ష్మణ్‌కు కోపం రావాలి. రాకపోగా నవ్వొచ్చింది. నవ్వితే భుజం కదిలి మోటర్ మళ్లీ గుద్దింది.

మోటర్ నీళ్లలోకి దిగింది. పొలానికి నీళ్లు పారించే నీలం రంగు పైపు చుట్ట ఒకటి ప్రతాప్ తెచ్చి బిగించాడు. పైపు రెండో కొసను కిటికీలోంచి రోడ్డు మీదికి, మోరీ వైపు పరిచారు. మోతీబాయి వైరు అతుకుకు టేపు చుట్టి, నీళ్లకు అందకుండా పైన మేకుకు తగిలించింది. తర్వాత అందరినీ నీళ్లలోంచి బయటికి రమ్మంది. మెట్ల మీద తలలు లెక్కపెట్టింది, రెండుసార్లు.

"ఇగ ఎయ్" అంది పైన మెయిన్ దగ్గరున్న కవితతో.

కవిత స్విచ్ వేసింది.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత సెల్లార్ అడుగున గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం, ఆ వెంటనే గట్టి హోరు. చదునుగా పడి ఉన్న నీలం పైపు మెట్ల దగ్గర ఉబ్బింది, ఆ ఉబ్బు కిటికీ ఎక్కింది, కిటికీ దాటింది. పైపు బయటి కొసను ఎవరూ కట్టలేదన్న సంగతి అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

వాళ్లు బయటికి ఉరికేసరికి పైపు లేచి నిలబడి ఉంది. మొదటి దెబ్బ ఊర్మిళకు తగిలింది, అప్పుడే ఫ్లాస్కులో చాయ్ తెస్తోంది పాపం. రెండోది అరుగుల మీది జనానికి. వాన తగలకుండా నిలబడ్డవాళ్లంతా నిలువునా తడిసిపోయారు. ప్రతాప్ దాన్ని మెడ పట్టి అణచబోతే అది ఆయన అంగీలోకే దూరినంత పని చేసింది. లక్ష్మణ్ పరుగెత్తి దాని మీద కూర్చున్నాడు. అది అతన్ని మోసుకుంటూ జానెడు పక్కకు జరిపింది.

"ఏం గాదు" అని అరుస్తున్నాడు లక్ష్మణ్. "నీళ్లు ముందటికి పోతున్నయి కాబట్టి, పైపు ఎనకకు…" నోరంతా నీళ్లు. ఉమ్మేసి మళ్లీ మొదలుపెట్టాడు. "ప్రతి చర్యకు…" మళ్లీ నీళ్లు. వాకిట్లో నిలబడి కవిత పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఊర్మిళ మోరీ గట్టు మీద కూర్చుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, మాట రాక చెయ్యి ఊపుతోంది. మోతీబాయి నెమ్మదిగా నడిచి వచ్చి, తాడుతో పైపు కొసను కరెంటు స్తంభం పక్కన పాతి ఉన్న రాతి కడీకి బిగించి కట్టింది. పైపు శాంతించింది. బురదనీళ్లు దబదబా మోరీలో పడుతున్నాయి.

లక్ష్మణ్ రోడ్డు మీద నుంచి లేవలేదు. ఎందుకు లేవాలో అతనికి తోచలేదు. పెండ్లినాడు కూడా ఇంత నవ్వలేదు తను. పక్కనే ప్రతాప్ కూడా చతికిలబడ్డాడు.

"సారూ" అన్నాడు రొప్పుతూ, "ఆ చర్య ముచ్చట మొత్తం చెప్పు. సగంల ఆపినవ్."

మధ్యాహ్నానికి కవిత పొడి బట్టలు కట్టుకుని డ్యూటీకి పోయింది. సెల్లార్‌లో నీళ్లు మెట్టు మెట్టు దిగుతుంటే తల్లీకొడుకులు పై మెట్టు మీద కూర్చుని మక్క కంకులు తిన్నారు. చేతులు ఇంకా గ్రీజుతో నల్లగా ఉన్నాయి. అప్పుడడిగాడు లక్ష్మణ్, ఈ పని ఎప్పుడు నేర్చుకున్నావని.

"నువ్వు మానుకోటల హాస్టల్‌ల ఉన్నప్పుడు" అంది మోతీబాయి. "మీ నాయనకు కరెంటు అంటే భయం. ఇప్పటికీ భయమే. స్టార్టర్ నొక్కాలంటే మూడు బారల తుమ్మ కట్టె పట్టుకుని, కండ్లు మూసుకుని పొడిచేటోడు. ఒకపారి స్టార్టర్ అనుకుని తేనెతుట్టె పొడిచిండు."

లక్ష్మణ్‌కు నవ్వుకు మక్క గింజ గొంతులో అడ్డం పడింది. ఆమె వీపు మీద తట్టి చెబుతూనే పోయింది. ఎండకాలం మోటర్ కాలితే గూడూరు మెకానిక్ రేపు మాపు అని తిప్పించుకున్నాడట. ఆమె మోటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయి, అతని దుకాణం ముందు కూర్చుందట. రెండు రోజులు కూర్చుని ప్రతి తీగ ఎట్లా చుట్టాడో చూసిందట. మూడోసారి కాలినప్పుడు ఆమె చెప్తుంటే అతను చుట్టాడట.

"నాకెప్పుడూ చెప్పలే."

"సెలవులకు వస్తే నువ్వే చెప్పేటోనివి గద. భూమి ఎట్ల తిరుగుతది, చంద్రుడు ఎట్ల తిరుగుతడు. మంచిగుండె వినటానికి." కంకి తిప్పి ఇంకో వరస కొరికింది. "మోటర్ ఎట్ల తిరుగుతదో నువ్వడగలే, నేను చెప్పలే. అంతే."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. లక్ష్మణ్ తింటున్న కంకి పక్కన పెట్టాడు. తర్వాత ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాడు. ఆమె చెబుతుంటే ఫోన్‌లో రాసుకున్నాడు, స్టూడెంటులా.

నాలుగింటికి ప్రతాప్ ఫోన్ చేస్తే మోటర్ల దుకాణం యుగేందర్ ఆదివారమైనా షట్టర్ ఎత్తాడు. అతను మెరిసే మోటర్ ఒకటి ముందు పెట్టి, "ఇది టాప్ మోడల్ సార్" అన్నాడు లక్ష్మణ్‌తో. లక్ష్మణ్ నోరు తెరవకుండా తల్లి వైపు చూశాడు. ఆమె దాని బంతిని పట్టుకుని చుట్టూ తిప్పింది.

"దీని బంతికి ఇంత జాగ గావాలె. మా గుంత ఇరుకు. గోడకు తట్టుకుని ఆడనే ఆగుతది. నిలువున లేశి నిలువున దిగేదున్నదా?"

యుగేందర్ ఆమెను ఇంకోసారి చూసి, నిచ్చెనేసుకుని పై అరలోంచి పొట్టి మోటర్ ఒకటి దించాడు. ఆమె అడుగున జల్లెడ చూసి, పిడి లాగి చూసి, సరే అంది.

ఇంటికొచ్చాక పనంతా లక్ష్మణ్ చేత చేయించింది. పాత పెయింట్ బకెట్‌కు కాల్చిన చువ్వతో చుట్టూ తూట్లు పొడిపించింది, చెత్త లోపలికి రాకుండా. గుంత అడుగున రెండు ఇటుకలు, ఇటుకల మీద బకెట్, బకెట్లో మోటర్. పైపు మధ్యలో చేత్తో విప్పుకునే బిగింపు. పైకి పోయిన నీళ్లు మళ్లీ వెనక్కి రాకుండా ఒక వాల్వు. మోటర్ పిడికి నైలాన్ తాడు కట్టి, దాని కొస పైన కొక్కేనికి. లక్ష్మణ్ ఒక్క ముడి తప్పు వేస్తే విప్పించి మళ్లీ వేయించింది.

ఆరింటికి అంతా అయ్యింది. వాన కూడా ఆగింది. ప్రతాప్, ఊర్మిళ, పక్కిళ్ల వాళ్లు ఇంకో నలుగురు సెల్లార్‌లో చేరి గుంత చుట్టూ నిలబడ్డారు. గుంత పొడిగా ఉంది. ప్రతాప్ మోటర్ చుక్క మిగలకుండా లాగేసింది.

"నడుస్తదో లేదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు ప్రతాప్.

"నీళ్లు పొయ్యాలె" అంది మోతీబాయి.

పొద్దున్నుంచి చచ్చీచెడీ బయటికి తోడిన సెల్లార్‌లోకి ఇప్పుడు నీళ్లు మోసుకురావాలన్నమాట. లక్ష్మణ్ పైకి పోయి రెండు బకెట్లు నింపుకుని వచ్చి పోశాడు. నీళ్లు పెయింట్ బకెట్ తూట్లలోంచి లోపలికి చేరాయి. బంతి కదిలింది. మెల్లగా, నిలువునా లేచింది. టక్‌మంది. మోటర్ జుమ్మని అందుకుంది, పైపు వణికింది, బయట మోరీలో నీళ్లు పడ్డ చప్పుడు అందరికీ వినిపించింది. బంతి దిగింది. మళ్లీ టక్. నిశ్శబ్దం.

 తర్వాత ప్రతాప్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోపారి చూద్దాం. నేను పోస్త."

ఆయన పోశాడు. టక్, జుమ్, టక్. ఊర్మిళ తనకివ్వమంది. ఆమె ఒక బకెట్ చాలదని రెండు పోసింది. పక్కింటాయన పోశాడు. ఆయన భార్య, ఆయన పోసింది సరిగ్గా లేదని తనూ పోసింది. మెట్ల మీద బకెట్లు చేతులు మారుతున్నాయి. బంతి ఎప్పుడు లేస్తుందో ముందే చెప్పాలని పందెం మొదలైంది. మోతీబాయి మెట్టు మీద కూర్చుని ఎవరి వంతో చెబుతోంది. లక్ష్మణ్ ప్రతిసారీ టక్‌మనగానే, తెలిసిన సంగతే అయినా, అందరికంటే ముందు చప్పట్లు కొడుతున్నాడు.

ఏడున్నరకు కవిత డ్యూటీ నుంచి వచ్చింది. స్నానం చేద్దామని నల్లా తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. వంటింట్లో అంతే. డాబా మీది ట్యాంకు ఖాళీ. ఖాళీ బకెట్ పట్టుకుని, టవల్ భుజాన వేసుకుని సెల్లార్ మెట్లు దిగింది. గుంత చుట్టూ ఏడుగురు వంగి ఉన్నారు. ఒక్కరు కూడా తల ఎత్తలేదు.

"ట్యాంకుల నీళ్లేమైనయి?" అని అడిగింది.

లక్ష్మణ్ వేలితో మోరీ వైపు చూపించాడు.

కవిత కాసేపు వాళ్లనూ, గుంతనూ చూసింది. బకెట్ అక్కడే దించి పైకి పోయింది. కోపమొచ్చినట్టుంది, ఇక చాలు పదండి అంటూ ప్రతాప్ లేవబోయాడు. అంతలో మెట్ల మీద బరువుగా అడుగుల చప్పుడు. వంటింట్లోని ఇరవై లీటర్ల తాగే నీళ్ల క్యాన్ చంకన పెట్టుకుని కవిత దిగుతోంది.

"జరుగుండ్రి" అంది. "నా వంతు రాలే."